అడగకుండా అచ్చేసిన కథ

శుక్రవారం సాయంత్రం మొగిలమ్మ స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సెక్కి సుబేదారిలో ఉన్న అనసూయ ఇంటికి వచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన పుస్తకాన్ని గడప మీద పెట్టి "ఇదేంది పంతులమ్మా?" అని ఒక్క మాట అడిగింది.

పన్నెండేళ్ళ కింద, 1972లో, అనసూయ ఒక చిన్న వారపత్రికలో రాసిన 'మూడో గెట్టు' అనే సీరియల్ అది. మొగిలమ్మ బతుకునే పేరు మార్చి రాసింది. అది ఊళ్ళో దొర చెవిన పడి, మొగిలమ్మ వచ్చి ఏడిస్తే, పదమూడో వారంలోనే ఆపేసింది. తన దగ్గరున్న ప్రతులన్నీ నీళ్ళ పొయ్యిలో పెట్టింది. పత్రిక కూడా ఆ ఏడే మూతపడింది. ఆ కథ ఇక లోకంలో లేదనుకుంది. ఇప్పుడెవరో దాన్ని సైక్లోస్టైల్ చేసి, కుట్టి, అట్టవేసి ఊళ్ళ మీదికి వదిలారు. మొగిలమ్మ దున్నుకుంటున్న రెండెకరాల చెలక నేల తనదేనని కేసు వేసిన చిన్న దొర, అంటే ఆ దొర కొడుకు రాజేశ్వర్ రావు, ఆ పుస్తకాన్నే తహసీల్ ఆఫీసులో సాక్ష్యంగా పెట్టాడు. విచారణ సోమవారం. పుస్తకం చివరి పేజీ అడుగున ఊదారంగు ముద్ర: యాదగిరి పుస్తకాలయం, హనుమకొండ చౌరస్తా.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకే అనసూయ చౌరస్తాకు చేరింది. బడికి సెలవు చీటీ పంపింది. మొగిలమ్మ రెండడుగులు వెనకగా నడిచి వచ్చింది.  అనసూయ కోపం మీద ఉంది. ఏమనాలో పాఠంలా మనసులో వల్లెవేసుకుంటూ, ప్రతి మలుపులో ఆ మాటలను ఇంకాస్త పదును పెట్టుకుంటూ నడిచింది.

కిరాణా దుకాణాల వరుసలో, ఎండుమిర్చి ఘాటు మధ్య, మూడు మెట్లు ఎక్కితే యాదగిరి పుస్తకాలయం. అద్దెకు నవలలిచ్చే ఇరుకు గది. మొగిలమ్మ కింది మెట్టు మీదే కూర్చుంది.

"నువ్వు పో పంతులమ్మా. నేనిక్కడ్నే ఉంట."

లోపల యాభై దాటిన మనిషి ఒకాయన చాప మీద కూర్చుని పుస్తకం కుడుతున్నాడు. లావుపాటి కళ్ళద్దాలు, వేళ్ళ నిండా ఎండిన మైదా జిగురు. ఆయనే యాదగిరి. అనసూయ సైక్లోస్టైల్ పుస్తకాన్ని ఆయన ముందు పడేసింది.

"ఇది వేసింది మీరేనా?"

"నేనే మేడం. ఇంకో కాపీ కావాల్నా? అయిపొయినయ్. ముప్పై తీసిన, ముప్పై పొయినయ్." ఆయన తలెత్తకుండానే దారాన్ని పళ్ళతో తెంపాడు. "అసలుది చినిగిపోతాందని గిది తీసిన. ఒకలు తీస్కపోతే పది మంది చదివి తెస్తాన్రు. ఏం రాసిందమ్మా ఆమె!"

"ఆమెను నేనే."

యాదగిరి చేతిలోని సూది ఆగిపోయింది. కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. గబగబా లేచి, కుర్చీ మీది కట్టలు కిందికి దించి, భుజం మీది తువ్వాలతో తుడిచాడు.

"మీరా! అనసూయ టీచరమ్మా! పన్నెండేండ్ల సంది అనుకుంటాన, ఒక్కసారి కనబడితె బాగుండని. ఆ బావి కాడి ముచ్చట చదివి మా ఇంట్ల రెండ్రోజులు అన్నం సయించలె. కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

అనసూయ మెట్లెక్కేటప్పుడు ఎదురు చూసింది దబాయింపును. ఈ మర్యాద ఆమెను ఇంకా మండించింది.

"కూసునేటందుకు రాలేదు నేను. ఎవర్ని అడిగి వేసిన్రు దీన్ని?"

"అడుగుడంటే..."

"నేను రాసిన కథ. నేనే ఆపేసి, కాలవెట్టుకున్న కథ. పైన నా పేరు. సుబేదారి ఇక్కడికి ఎంత దూరం? నడిస్తే ఇరవై నిమిషాలు. ఒక్కనాడు వచ్చి తలుపు కొట్టబుద్ధి కాలేదా మీకు?"

"పేరు పెద్దగ రాసిన గద మేడం. ఏరేటోళ్ళ లెక్క పేరు కొట్టేసి సొంతం చేసుకోలె."

"పేరు రాసుడే తప్పయింది! ఆ పేరు పట్టుకునే చిన్న దొర కేసుల పెట్టిండు. పేరు రాస్తే సరిపోతదా? నా ఇంట్లకొచ్చి బిందె ఎత్తుకపోయి, దాని మీద 'అనసూయ గారి బిందె' అని రాసి పెడితే అది దొంగతనం కాకుండ పోతదా?"

యాదగిరి ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఆయన కూడా నిటారుగా నిలబడ్డాడు.

"దొంగతనమని అనకుండ్రి. ఆ మాట పడ. ఇటు రాండ్రి ఒకసారి."

వెనక గది తలుపు తీశాడు. కిటికీ లేని ఆ గదిలో నేల నుంచి దూలాల దాకా బొత్తులే. వారపత్రికల్లోంచి కత్తిరించి, వారం తరువాత వారం కుట్టి, పాత కాలెండర్లతో అట్టలు వేసిన సీరియళ్ళు. ప్రతి పుస్తకం వీపు మీదా ఒకే చేతిరాత. వేపాకు వాసన, పాత కాగితం వాసన.

"మా నాయినది కిరాణం. పొట్లాలు కట్టేటందుకు పాత కాగితం తూకానికి కొనేది. నేను చింపే ముందు చదివేటోన్ని. చదివినంక చింపబుద్ధి కాకపోయేది. నాయినతోని దెబ్బలు తిన్న. ఇయ్యన్ని చక్కెర పొట్లాలు కావలసినయి మేడం. మీ పత్రిక ఎత్తిపోయిన్నాడు ఎడిటర్ బండి మీద కట్టలేసి మా దుకాన్ల దింపిండు. రెండు దినాలు కూసోని పదమూడు వారాలు ఏరిన. ఎవర్ని అడగాలె నేను? పత్రిక లేదు. ఎడిటరు ఎటు పొయ్యిండో తెల్వదు. మీరేమో కాలవెట్టుకున్నమని చెప్తాన్రు. నేను దాయకపోతే ఇయ్యాల మీ కథ ఏడుండు?"

"ఎక్కడా ఉండకపోయేది! అదే నాకు కావాల్సింది!"

ఆ గదిలో ఆమె గొంతు కంచులా మోగింది. పక్క దుకాణంలో తక్కెడ చప్పుడు ఆగింది.

"దాచుకున్నరు, బాగనే ఉంది. మీ గదిల మీరు చదువుకోండ్రి, నాకు పేచీ లేదు. మీరు కొన్నది కాగితం. దాని మీది రాత కొన్లేదు. రాసినోళ్ళకు ఒక హక్కుంటది, ఇది బయటికి పోవాల్నా వద్దా అని చెప్పేటందుకు. నేను వద్దనుకున్న. మళ్ళ ముప్పై ఊళ్ళకు పంచేటందుకు మీరెవరు?"

"నిజం చెప్పాల్నా?" యాదగిరి గొంతు తగ్గింది. "మీ ఇల్లు నాకు తెల్సు. రెండు సార్లు గల్లీ దాక వచ్చిన. అడిగితే వద్దంటరని తెల్సు. అందుకే అడగలె."

 తెలియక చేశాడనుకుంటే అనసూయ మనసులో ఎక్కడో క్షమించే చోటు ఉండేదేమో. తెలిసే చేశాడు. వద్దంటుందని తెలిసే, ఆ వద్దు వినపడకుండా చెవులు మూసుకున్నాడు.

"వద్దంటదని తెల్సి అడగలేదా!" అనసూయ ఒక అడుగు ముందుకేసింది. "సిగ్గులేదా మీకు?"

"ఆయనకు సిగ్గులేదంటానవ్. మరి నువ్వు నన్నడిగినవా పంతులమ్మా?"

మాట వెనక నుంచి వచ్చింది. మొగిలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు మెట్లెక్కిందో తెలియదు.  కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సేటు నిన్నడగలె. నువ్వు నన్నడగలె. బయట కూసోని అన్ని ఇన్న. నీ రాత, నీ పేరు, నీ హక్కు. గా కథల సచ్చింది ఎవ్వలు? నా పెనిమిటి. గా బావిల మట్టి పెల్లలు మీద పడ్డది ఎవ్వలికి? ఉప్పలయ్యకు. నీకు చెప్పుకున్న ఎందుకు? నీ ఇంటెనక గోడ కట్టవోయినప్పుడు, ఎండకు కడుపుల మంట ఆగక, ఆడిదానివి గద అని చెప్పుకున్న. పేపర్ల ఎయ్యిమని చెప్పిన్నా?"

 ఇంట్లోంచి బయలుదేరినప్పుడు అనసూయ వల్లెవేసుకున్న మాటలన్నీ ఇప్పుడు తన వైపే తిరిగాయి. 'ఎవర్ని అడిగి వేసిన్రు?' ఆ ప్రశ్నకు తన దగ్గరా జవాబు లేదు. పేరు మార్చాను కదా అని అప్పట్లో అనుకుంది. లోకానికి తెలియాలి కదా అనుకుంది. అడిగితే వద్దంటుందేమో అని కూడా, ఏదో ఒక మూల, అనుకునే ఉంటుంది.

"తప్పయింది మొగిలమ్మా," అంది.

"తప్పయిందంటే చెలక నిలుస్తదా?" మొగిలమ్మ గది మధ్యకు వచ్చి నేల మీద కూర్చుంది. "ఏం రాసినవో సదువు. ఊరంత సదివింది. దొర సదివిండు. నేనొక్కదాన్నే ఇనలె. సోమారం అందరి ముందట సదువుతరట. నేను ముందుగాల ఇంట."

యాదగిరి పై వరుసలోంచి ఒక బొత్తి దించాడు. అసలుది. పసుపెక్కిన అంచులు, కథ పక్కన తలనూనె ప్రకటన, పంచాంగం ముక్క. పదకొండో వారం తీసి అనసూయ చేతిలో పెట్టాడు. దొర నేల రాసిచ్చిన భాగం అందులోనే ఉంది.

అనసూయ చదవడం మొదలుపెట్టింది. బావిలో మట్టి కూలి భర్త చనిపోయిన మూడు నెలలకు దొర ఆమెను గడీకి పిలిపిస్తాడు. సాదా కాగితం మీద రెండెకరాలు ఆమె పేర రాసిచ్చి, ఆమె వేలిముద్ర వేయించుకుంటాడు. "ఆమె ఒక్క పైసా ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆమె దగ్గర ఏముంది? ఆ నేలకు ఆమె చెల్లించిన వెల ఆమె నోరు. బావి సంగతి ఇక ఎన్నడూ ఎత్తనని మూసుకున్న నోరు." ఇరవైతొమ్మిదేళ్ళ వయసులో ఆ వాక్యాలు రాసి తనకు తానే మురిసిపోవడం అనసూయకు గుర్తుంది. 

"ఆగు," అంది మొగిలమ్మ. "మళ్ళ సదువు గది."

మళ్ళీ చదివింది.

"ఒక్క పైస ఇయ్యలేదని రాసినవా?"

"ఔను."

"ఎవ్వలు చెప్పిన్రు నీకు?" మొగిలమ్మ లేచి నిలబడింది.  "నా మొగడు ఆరేండ్లు జీతమున్నడు దొర కాడ. ఆరేండ్ల జీతం చేతికి రాలె. అది నేల కింద పట్టుకొమ్మన్న. సాలదన్నడు. నా కాళ్ళ కడియాలు తీసి గడీ గద్దె మీద పెట్టిన. మా అవ్వ పెట్టిన ఎండి కడియాలు. అటెనుక రాసిచ్చిండు కాగితం. కొనుక్కున్న పంతులమ్మా! కొనుక్కున్న నేను! నోరు మూసుకున్నందుకు ముష్టి ఏసిన నేల గాదది!"

"నువ్వు... నువ్వు చెప్పినప్పుడు కడియాల మాట..."

"చెప్పిన. నువ్వే రాయలె. ఎందుకు రాయలె?"

అనసూయకు జ్ఞాపకం వచ్చింది. అప్పుడు చెప్పింది, నిజమే. కడియాలు తీసేటప్పుడు కాలి మడమ గీసుకుపోయిన సంగతి కూడా చెప్పింది. రాయబోతే కథ బలం తగ్గినట్టు అనిపించింది. డబ్బు చెల్లించి కొనుక్కుంటే దొర అన్యాయం పలచబడుతుందనుకుంది. ఏమీ లేని ఆడది, నోటికి తాళం వేసిన దొర, అట్లా అయితేనే చదివేవాళ్ళ గుండె పట్టుకుంటుందనుకుంది. అందుకని కడియాలు తీసేసింది. ఆ ఒక్కటే తీసింది. ఆ ఒక్కదాన్నే పట్టుకుని ఇవాళ చిన్న దొర, 'ఏమీ ఇయ్యకుండ కొన్నదని ఎట్లంటది, కాగితమే చెల్లదు' అని నేల గుంజుకుంటున్నాడు.

ఆమెకు తన మీద పుట్టిన కోపం ముందు, యాదగిరి మీది కోపం చిన్నదైపోయింది. బొత్తిని రెండు చేతులతో బల్ల మీద కొట్టింది. దుమ్ము లేచింది.

"నేనే! నేనే కల్పించిన!" అని అరిచింది. "కథ బాగుండాలని ఒక మనిషి కష్టార్జితాన్ని చెరిపేసిన. ఆయన పంచిపెట్టింది నా అబద్ధాన్నే!"

 యాదగిరి తలుపు దగ్గరి నుంచే మెల్లగా అన్నాడు, "అబద్ధమని నాకు తెల్వదు మేడం. అడిగుంటె తెలుస్తుండె." ఆ మాట ఆమెను పొడవడానికి అన్నది కాదు. తనను తాను తిట్టుకున్నట్టే ఉంది.

అనసూయ కొంగుతో ముఖం తుడుచుకుంది. బడిలో పిల్లల ముందు నిలబడేటప్పటి నిటారుతనం ఆమెలోకి తిరిగి వచ్చింది.

"మొగిలమ్మా, సోమవారం నేనొస్త. తహసీల్దారు ముందట నిలబడి చెప్త. ఇది కథ, సాక్ష్యం కాదు, పైస ఇయ్యలేదన్న ముచ్చట నేను కల్పించిందే అని చెప్త. కడియాల సంగతి నువ్వు నాకు అప్పుడే చెప్పినవని కూడ చెప్త. నా నౌకరీకి ఏమన్న అయితే అయితది."

"పర్మిషన్ లేకుండ సర్కారు పంతులమ్మ పేపర్లకు రాసిందంటరేమో మేడం," అన్నాడు యాదగిరి.

"అననీయండ్రి."

మొగిలమ్మ ఆమె వంక చూసింది. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. "చెప్తవా? అందరి ముందట, నువ్వు అబద్ధం రాసినవని చెప్తవా?"

"చెప్త."

యాదగిరి కదిలాడు. అద్దె రిజిస్టరు తీసి, ముప్పై మందీ ఎవరెవరో తనకు తెలుసని, ఈ రెండు రోజుల్లో సైకిలు మీద తిరిగి దొరికినన్ని కాపీలు వాపసు తెస్తానని అన్నాడు. స్టెన్సిళ్ళు ఇప్పుడే కాల్చేస్తానన్నాడు. 

"ఒక పని చెయ్యండ్రి," అంది అనసూయ. "సోమవారానికి అసలు బొత్తి నాకియ్యండ్రి. కథ అని పత్రికలనే అచ్చయి ఉంటది గద, ప్రతి వారం పైన 'సీరియల్' అని వేసెటోళ్ళు. అది చూపిస్త. మొదటి వారం తేదీ కూడ కావాలె."

"చూడుండ్రి, మొదలే ఉంటది," అని యాదగిరి బొత్తిని తన వైపు తిప్పుకుని అట్ట తెరిచాడు.

తెరిచి, ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కుట్టు దగ్గర వేలితో తడిమాడు.

"మొదటి కాగితం లేదు."

"చినిగిందా?"

"చినగలె. కోసిన్రు." ఆయన వేలు గోరంత మిగిలిన అంచు మీద నిలిచింది. నున్నగా, తిన్నగా, బ్లేడుతో గీసిన అంచు. "నా చేతులతోని కుట్టిన, నాకు తెల్వదా? పోయిన వారం దాక ఉండె. బుధవారం ఒకాయన వచ్చిండు. తెల్ల చొక్క, జీపుల దిగిండు. అసలు ప్రతి చూస్తనన్నడు. ఎవ్వలకు ఇయ్య, ఇక్కడ్నే కూసోని చూడుమన్న. గంట సేపు కూసున్నడు. నేను చాయ్ చెప్పేటందుకు బయటికి పోయొచ్చిన." రిజిస్టరు తిప్పి చూశాడు. పేరు పైకి చదివాడు. "రాజేశ్వర్ రావు."

"మొదటి వారంల ఏముండె?" అని మొగిలమ్మ అడిగింది. "ఊరి పేరా? నా పేరా?"

"కథ మొదలు కాకముందు టీచరమ్మ రాసిన నాలుగు మాటలుండె, చుట్టూత గీతల డబ్బా కట్టి అచ్చేసిన్రు," అన్నాడు యాదగిరి. "కథ కాదు గద అని నేను స్టెన్సిల్ మీదికి ఎక్కియ్యలె. ఏమున్నదో నాకు యాదికి లేదు."

అనసూయకు గుర్తుంది. ఆ పత్రిక ఎడిటరు ఇట్లాంటి కథ వేయడానికి భయపడితే, ఆయనకు ధైర్యం చెప్పడానికి పొగరుగా రాసిచ్చిన నాలుగు వాక్యాలు. వాటి కింద బ్లాకు చేయించి అచ్చేసిన తన సంతకం.  యాదగిరి తుడిచిపెట్టిన కుర్చీలో కూలబడింది.

"ఏమున్నది పంతులమ్మా ఆ కాగితంల?"

దాచి లాభం లేదు. సోమవారం అందరి ముందూ చదువుతారు. అనసూయ కళ్ళు మూసుకుని, పన్నెండేళ్ళ కిందటి తన మాటలను ఒక్కటొక్కటిగా పైకి చెప్పింది:

"ఈ కథలో నేను కల్పించింది ఒక్క అక్షరం లేదు. ఇది అబద్ధమని ఎవరన్నా, చివరికి నేనే అన్నా నమ్మకండి. అట్లా అంటే నన్నెవరో భయపెట్టారని తెలుసుకోండి. అనసూయ."